సూర్యకిరణ్ దళము — దాని పుట్టుపూర్వోత్తరములు

2024వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీ ఆదివారము హుస్సేన్‌సాగరపు గట్టుమీద నిలిచి యాకాశమువంక జూచినవారిలో మన స్త్రీలెందఱో యుండిరి. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, లాల్‌బహదూర్‌నగర్ ప్రాంతములనుండి పిల్లలను వెంటబెట్టుకొని మెట్రో రైలెక్కి, లక్డీకాపూల్‌లో దిగి, జనసమూహమున నడచిపోయిన గృహిణులలో నేనును నొకతెను. ఎఱుపును తెలుపును గలసిన వన్నెతో తొమ్మిది విమానములు ఒక్క దారమున గ్రుచ్చిన పూవులవలె వచ్చి, చెఱువుపై నొరిగి, విచ్చుకొని, తెల్లని పొగతో హృదయాకారమును వ్రాసి మఱలిపోయెను. పిల్లలు గంతులు వేసిరి. పెద్దలు చప్పట్లు చఱచిరి. అయితే యింటికి వచ్చిన పిమ్మట మా వీథిలో నాలుగు దినములు జరిగిన ప్రసంగమంతయు నొక్క ప్రశ్నచుట్టునే తిరిగినది: ఇంత వ్యయము, ఇంత ప్రాణభయము గల యీ విద్య యెవరికొఱకు? దీనివలన దేశమునకు గలుగు మేలేమి?

ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. దీనికి బదులు ఈ దళము పుట్టిన కథలోనే యున్నదని నా నమ్మకము. అందుచేత నా కథను తెలిసికొన్నంతవఱకు మీ ముందుంచుచున్నాను.

భారతము చదువుకొన్న మనకు వ్యూహమను మాట క్రొత్తది కాదు. భీష్మపర్వమున గరుడవ్యూహమును క్రౌంచవ్యూహమును పన్నిన సంగతి మనమెఱుగుదుము. పక్షుల పేర్లు పెట్టుకొన్నను ఆ సేనలు నేలమీదనే నిలిచెను. ముక్కుస్థానమున నొక వీరుడు, ఱెక్కల స్థానమున గుఱ్ఱములును రథములును. నిజముగా ఱెక్కలతో నింగి కెగసి వ్యూహము చెదరకుండ తిరుగుట మాత్రము గడచిన నూఱేండ్ల విద్య.

మన వైమానిక దళము 1932వ సంవత్సరము అక్టోబరు 8న స్థాపింపబడినది. 1944లో, రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండగనే, ఆ దళమున ప్రదర్శనములకై ప్రత్యేకముగా నొక విభాగము నేర్పఱచి దేశమున నూరూర త్రిప్పిరి. విమానమును దగ్గఱనుండి చూడని జనులకు దానిని చూపుటయు, యువకులను దళమువైపు మరలించుటయు దాని పని. హైదరాబాదునకు ఈ విషయమున నంతకు ముందే యొక సంబంధము గలదు. నిజాము ప్రభువిచ్చిన ధనముతో మొదటి యుద్ధకాలమునందే ఇంగ్లీషువారి వైమానిక దళమున 110వ స్క్వాడ్రను ‘హైదరాబాదు’ పేర వెలసినది. రెండవ యుద్ధమున 152వ స్క్వాడ్రనునకును ఆ పేరే పెట్టి, దాని చిహ్నముగా నిజాము తలపాగను గైకొనిరి. మన యూరి దస్తారు స్పిట్‌ఫైరు విమానముల దళమునకు గుఱుతై నిలుచుట నాకెప్పుడును వింతగనే యుండును.

స్వాతంత్ర్యానంతరము ప్రదర్శనమునకే మీసలైన తొమ్మిది విమానముల దళము 1982లో, వైమానిక దళపు స్వర్ణోత్సవ సందర్భమున పుట్టినది. దానికి ‘థండర్‌బోల్ట్స్’ అని పేరు. వారు నడిపినవి హంటరు విమానములు; అవి యుద్ధమున కక్కఱకు వచ్చిన యంత్రములు, 1971 యుద్ధమును జూచిన జాతివి. అవి ముసలివగుటచేత నా దశకము ముగియుసరికి ఆ దళమును ముగిసినది. తరువాత కొన్ని యేండ్లు మన యాకాశమున నట్టి దళము లేదు.

1996వ సంవత్సరము మే 27వ తేదీన బీదరు వైమానిక స్థావరమున సూర్యకిరణ్ దళము పుట్టినది. వింగ్ కమాండర్ కుల్‌దీప్ మాలిక్ దానికి మొదటి నాయకుడు. ఆ సంవత్సరమే సెప్టెంబరు 15న కోయంబత్తూరులో వైమానిక దళ పరిపాలన కళాశాల స్వర్ణోత్సవమున వారు జనుల యెదుట మొదటిసారి యాడి చూపిరి. మొదట నాఱు విమానములు. 1998 మొదలు తొమ్మిది.

బీదరు మనకు పరాయి యూరు కాదు. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువఱకు నది హైదరాబాదు రాష్ట్రములోని జిల్లాయే. నేడు కర్ణాటకమున నున్నను జహీరాబాదు మీదుగా పోయినచో మన నగరమునుండి పూటలోపలి ప్రయాణము. మన యిండ్లలో పెండ్లి కానుకలుగా వచ్చి బీరువాలలో దాగియుండు నల్లని బిద్రీ పాత్రలు అక్కడి పనివారి చేతివే. నల్లని లోహముపై వెండితీగ పొదిగిన యా పనికిని, ఆకాశమున నిలిచిన తెల్లని పొగరేఖకును పోలిక యున్నదని నాకు తోచుచుండును. ఇది యతిశయోక్తి యని మావారి యభిప్రాయము, అయినను వ్రాయుచున్నాను.

ఇక నీ దళమునకు దొరకిన విమానమేది? అసలు విషయమిచటనే యున్నది. వారికి యుద్ధవిమానము లీయలేదు. చదువు చెప్పు విమానముల నిచ్చిరి. వాని పేరు కిరణ్. బెంగుళూరులోని హిందుస్తాన్ ఏరోనాటిక్స్ సంస్థలో ఘాట్గే పండితుని యాధ్వర్యవమున రూపొంది, 1964 సెప్టెంబరు 4న మొదటిసారి యెగిరిన విమానమది. విద్యార్థులకు విమానము నడుపుట నేర్పుటకే దానిని కట్టిరి. దళము వాడిన రెండవ రకపు కిరణ్ 1976లో నెగిరినది. కిరణ్ విమానమున గురుశిష్యుల పీఠములు ముందువెనుకలుగా గాక ప్రక్కప్రక్కనే యుండును. శిష్యుని చేయి తడబడినచో గురువు చూచి సరిదిద్దగలడు. గురువు ముఖమున గలవరమున్నచో శిష్యునకును తెలియును. ఉపనిషత్తను మాటకు దగ్గఱ కూర్చుండుట యను నర్థము గలదని చిన్ననాడు మా తాతగారు చెప్పుచుండిరి. నేలకు మైళ్ల యెత్తున నట్లు కూర్చుండి నేర్చు విద్య యొకటి యుండునని ఆయన తలచి యుండరు.

విమానమే కాదు, దానిని నడుపువారును నుపాధ్యాయులే. ఈ దళమున చేరగోరు వైమానికుడు యుద్ధవిమానములు నడపిన యనుభవముతోపాటు విమానవిద్యను బోధించు నర్హతయు పొందియుండవలెను. మూడేండ్లో, అంతకు కొంచె మటునిటుగనో యిందు పనిచేసి మఱల తన స్థానమునకు పోవును. మా దిల్‌సుఖ్‌నగర్‌లో నొక్కొక్క మేడకు నాలుగేసి శిక్షణాలయముల పలకలు వ్రేలాడుచుండును. ఇంజనీరింగు మొదలు సర్కారు కొలువుల పరీక్షలవఱకు నేర్పని విద్య లేదు. బోధించువాడు తాను చెప్పు పాఠమును తానే ప్రాణమొడ్డి చేసి చూపవలెనన్న నియమము వానిలో నుండియుండిన ఎన్ని పలకలు మిగులునో! మావారు బడిపంతులు గనుక నీ మాట ధైర్యముగా ననగలుగుచున్నాను.

పాశ్చాత్య దేశములలో నిట్టి దళముల పుట్టుకను జూచినను ఈ గురుకులపు జాడ యగపడును. ఇంగ్లండువారి ‘రెడ్ ఆరోస్’ 1965లో మొదలైనప్పుడు ‘నాట్’ అను శిక్షణవిమానములతోనే మొదలైనది. 1980 మొదలు వారు నడపునది ‘హాక్’, అదియు శిక్షణవిమానమే. అమెరికా నౌకాదళమువారి ‘బ్లూ ఏంజెల్స్’ మాత్రము 1946లో, యుద్ధము ముగిసిన పిమ్మట జనులు తమ్ము మఱచిపోకుండుటకై యుద్ధవిమానములతోనే పుట్టినది. రెండు మార్గములును గలవు. మనవారు మొదట రెండవదానిని త్రొక్కి, తరువాత మొదటిదానికి వచ్చిరి.

ఈ విద్య నేర్చు విధము కోలాటమును బోలియుండును. మొదట రెండు విమానములు, తరువాత మూడు, నాలుగు. చేయి కుదిరిన కొలది సంఖ్య పెరుగును. నాయకుడొక్కడే దిక్చక్రమును, నేలను, గడియారమును జూచును. తక్కినవారి దృష్టి ప్రక్కవాని విమానముపై నిర్ణయించుకొన్న గుఱుతులమీదనే నిలిచియుండును. ఱెక్కకును ఱెక్కకును నడుమ నెడము ఐదు మీటర్లకు మించనప్పుడు నేలవంక చూచుటకు తీఱిక యెక్కడిది? నాయకుడు సరిగా నడపునని నమ్మవలెను, అంతే. ఆ నమ్మకమెంత కఠినమైనదో 1982 జనవరిలో అమెరికా దేశపు నెవాడా యెడారిలో తెలిసినది. అచటి ‘థండర్‌బర్డ్స్’ దళమువారు అభ్యసించుచుండగా నాయకుని విమానము పైకి లేవవలసినచోట లేవలేదు. వెంట నున్న మూడు విమానములును చెదరకుండ దానితోపాటే నేల దాకెను. నలుగురును పోయిరి.

విమానము నిట్టనిలువుగా చక్రము దిరుగునప్పుడు శరీరము నాలుగైదింతలు బరువెక్కినట్లగును. తలలోని రక్తము కాళ్లకు జాఱి కన్నులు చీకట్లు గ్రమ్మును. అది జాఱకుండ కాళ్లను, కడుపును బిగబట్టి, ఊపిరిని నియమించి, ఆ స్థితిలోనే ప్రక్కవాని ఱెక్కను కనిపెట్టియుండవలెను. ప్రాణాయామము తెలిసినవారికి దీని కష్టము కొంత ఊహకందవచ్చును.

పొగను గుఱించి పిల్లలు తప్పక యడుగుదురు గనుక చెప్పెదను. అది యేదో కాలుటవలన వచ్చునది కాదు. విమానపు వెనుకనుండి వెలువడు మహోష్ణమైన గాలిలోనికి డీజిలు నూనెను సన్నని ధారగా వదలుదురు. నూనె యావిరియై, బయటి చల్లని గాలి తగులగనే యతిసూక్ష్మమైన తుంపరలై తెల్లగా కనబడును. ఇడ్లీపాత్ర మూత తీసినప్పుడు తెల్లగా లేచునది యెట్టిదో యిదియు నట్టిదే. అది మన కన్నులపండువుకే కాదు. ఎదురెదురుగా వచ్చు విమానముల వారికి ఒకరి జాడ యొకరికి తెలుపుటకును పనికివచ్చును.

దళము బాగుగనే పెరిగినది. 2006లో దానికి 52వ స్క్వాడ్రనను హోదా వచ్చినది. 2008లో చైనా దేశపు ఝుహాయి పట్టణమునకు బోయి యాడివచ్చిరి. ఇంతలో 2009 జూలై నెలలో మన మెదకు జిల్లాలో నొక చిన్న విమానము కూలి యిద్దఱు వైమానికులు మరణించిరి. అది దుండిగల్ వైమానిక విద్యాలయమున మొదటి పాఠము చెప్పు ‘దీపక్’ అను విమానము. అంతకుముందే పలుమాఱులు ప్రమాదములకు లోనైన యా జాతి విమానముల నన్నింటిని నిలిపివేసిరి. అప్పుడు పసివిద్యార్థులకు ఓనమాలు దిద్దించు పనియు కిరణ్ విమానములమీదనే పడినది. బడిలో పలకలు చాలలేదు. 2011 ఫిబ్రవరిలో బెంగుళూరు వైమానిక ప్రదర్శనమున నాడిన పిమ్మట సూర్యకిరణ్ దళమును నిలిపివేసి, దాని విమానములను శిక్షణకు పంపివేసిరి.

ఈ దళపు చరిత్రలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిదియే. జనులు వేనవేలుగా వచ్చి చూచు విద్యను, దేశదేశముల పేరు దెచ్చిన విద్యను, పిల్లల చదువునకు విమానములు చాలవని యాపివేసిరి. ఇల్లాలు పండుగకు దాచిన పట్టుచీర నమ్మి కుమారునకు బడి జీతము గట్టినట్టి పని యది. దళము యుద్ధవిమానములతో నుండినచో నీ త్యాగమున కర్థముండెడిది కాదు. ఆ విమానములు బడికి పనికిరావు. బడినుండి పుట్టినది గావుననే బడికి మఱల నొదుగగలిగినది. 2013లో దుండిగల్‌కు స్విట్జర్లాండునుండి పిలాటస్ విమానములు వచ్చి మొదటి పాఠపు కొఱత తీఱెను. 2015లో సూర్యకిరణ్ దళము బీదరులోనే హాక్ విమానములతో మఱల మొలకెత్తినది. నాలుగై, ఆఱై, 2017 నాటికి తొమ్మిదైనది. డిసెంబరు 8న మనము చూచిన వవియే.

ఇక నష్టమును గుఱించి చెప్పకున్న నీ వ్యాసము సగమే యగును. 2006 మార్చి 18న బీదరువద్ద నభ్యాసమున వింగ్ కమాండర్ ధీరజ్ భాటియా, స్క్వాడ్రన్ లీడర్ శైలేందర్ సింగు మరణించిరి. 2009 జనవరి 21న వింగ్ కమాండర్ ధాలివాల్ అక్కడనే కూలిపోయెను. 2019 ఫిబ్రవరి 19న బెంగుళూరు యలహంకలో, ప్రదర్శనము రేపనగా, రెండు హాక్ విమానములు గాలిలో నొరసికొని వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ అసువులు బాసెను. తక్కిన యిద్దఱు గొడుగులతో దిగి బ్రదికిరి. మన నగరమే చూచిన ఘోరమొకటి యున్నది. 2010 మార్చి 3న బేగంపేటలో విమానముల ప్రదర్శనశాల తెఱచిన దినమున నౌకాదళమువారి ‘సాగర్ పవన్’ అను దళము నాలుగు కిరణ్ విమానములతో నాడుచుండగా, ఒకటి పైకి లేవలేక న్యూ బోయినపల్లిలో నొక మేడపై గూలినది. కమాండర్ మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ అక్కడికక్కడే పోయిరి. క్రింద నున్నవారును గాయపడిరి. ఆ దుర్ఘటనముతో నా దళమే నిలిచిపోయినది.

జనులు కాపురమున్న యిండ్లమీద నిట్టి యాటలాడుట తగదని నా దృఢాభిప్రాయము. హుస్సేన్‌సాగరమువంటి నీటిపై, బయలు నేలలపై నాడుటయే మేలు. ఈ నియమమును పాలకులు కలకాలము పాటింతురని యాశించుచున్నాను. ధైర్యము వైమానికునకు భూషణమే. కాని మేడపైన బట్టలారవేయుచున్న యిల్లాలు తన ప్రాణమొడ్డుటకు సమ్మతింపలేదు గదా!

స్త్రీల ప్రసంగము వచ్చినది గనుక మఱియొక విషయము. 2016 జూన్ 18న దుండిగల్‌లో అవనీ చతుర్వేది, భావనా కంఠ్, మోహనా సింగ్ అను ముగ్గురు కన్యలు యుద్ధవిమానములు నడుపుటకు మన దేశమున మొదటిసారిగా నియమింపబడిరి. వారు మొదటి పాఠము దుండిగల్‌లో పిలాటస్ విమానముపైనను, రెండవది మన హకీంపేటలో కిరణ్ పైనను, మూడవది బీదరులో హాక్ పైనను నేర్చిరి. అనగా సూర్యకిరణ్ దళము నిన్న వాడిన విమానమును, నేడు వాడు విమానమును గూడ వారికి బడిపుస్తకములే. హెలికాప్టరులతో నాడు ‘సారంగ్’ దళమున దీపికా మిశ్రా యనునామె చోటు సంపాదించినది. సారంగమనగా నెమలి. సూర్యకిరణ్ ప్రదర్శనములందు ఏ విమానమేమి చేయుచున్నదో జనులకు వివరించు పనిని కొన్నాళ్లుగా స్త్రీ యధికారులు నిర్వహించుట మీలో కొందఱు వినియే యుందురు. 2022 నుండి జాతీయ రక్షణ విద్యాలయమునను బాలికలను చేర్చుకొనుచున్నారు; 2025 మేలో మొదటి జట్టు పదునేడుగురు చదువు ముగించి వెలువడిరి.

జవానునకు జేజేలు పలికిన లాల్‌బహదూరు శాస్త్రిగారి పేర వెలసిన మా ప్రక్క నగరములో నా స్నేహితురాలొకతె యున్నది. ఆమె కూతురు ఇంటర్మీడియెటు మొదటి సంవత్సరము చదువుచు నీ రక్షణ విద్యాలయపు పరీక్షకు కూర్చుండెదనని పట్టుబట్టినది. తల్లికి బోయినపల్లి సంగతి జ్ఞాపకమున్నది. తండ్రి ఔననడు, కాదనడు. అమ్మమ్మగారు పిల్ల పెండ్లి మాట యెత్తిరి. నాలుగు నెలల వాదోపవాదములకు పిమ్మట తల్లి నాతో, "వదినా! ఇంజనీరింగు చదివి ఊరుగాని యూరిలో రాత్రివేళ స్కూటరుమీద పోవునప్పుడు మాత్రము నేను నిద్రపోదునా? ఏదైనను మేలుకొనియే యుండవలెను. ఆ మేలుకొనుట యేదో దానికి నచ్చినదానికే మేలుకొందును" అన్నది. అమ్మమ్మగారు మాత్రమింకను సమాధానపడలేదు. ఆవిడకు నా మీదను కొంత కోపముగ నున్నది.

ఆ పిల్లకు గణితము చక్కగ వచ్చును. చూపునకు లోపము లేదు. విమానము నడుపువారికి నిర్ణయించిన యెత్తునకు మాత్రము కొంచెము తక్కువగ నున్నది. వంటయింటి ద్వారబంధముపై తల్లి ప్రతి నెల మొదటి తేదీన పెన్సిలుతో గీత గీయుచున్నది. మొన్న నేను పోయినప్పుడు ఎనిమిది గీతలుండెను. చివరి రెండింటికి నడుమ వరిగింజంత యెడముండెను.